కప్పు వద్దన్న నీడలమ్మ

సున్నపు బట్టీలకు పేరుపడిన మా పట్నంలో, బట్టీలపేట నడిబొడ్డున, కానుగ చెట్ల మధ్య శ్రీ నీడలమ్మ తల్లి కొలువై ఉన్నది. గోపురం లేదు, మండపం లేదు, తల్లి తలపై కప్పు కూడా లేదు. దూరాల నుంచి వచ్చిన భక్తులు ఇంత మహిమగల తల్లికి నాలుగు గోడలు కట్టించే దాత దొరకలేదా అని నొచ్చుకుంటారు. దాతలు దొరకక కాదు. కట్టించేవారు దొరికినందువల్లనే ఇంత కథ జరిగింది.

పూర్వం ఇక్కడ పేట చెత్తంతా పోసే దిబ్బ ఉండేది. పూర్వమంటే కృతయుగం కాదు. ఆ కాలం చూసినవారు ఇంకా ఉన్నారు. బట్టీల నుంచి లేచే సున్నపు దుమ్ము అన్నం కంచాలలో పడేది. పిల్లలు ఆయాసంతో అల్లాడేవారు. బట్టీలో తట్టలు మోసే సింగారమ్మ మనవరాలు, ఆరేళ్ళ పైడమ్మ, వారిలో ఒకతె. ఒకనాడు తల్లి సింగారమ్మకు కలలో కనిపించి, దిబ్బ కింద తానున్నాననీ, తనకు గుడి అక్కరలేదనీ, చుట్టూ నీడ పెంచితే పేట పిల్లల ఊపిరి తాను చూసుకుంటాననీ ఆనతిచ్చింది.

సింగారమ్మ దిబ్బ తవ్వగా నల్లరాతి విగ్రహం బయటపడింది. ఆమె రోజూ కూలి నుంచి వచ్చి, రెండు వీధుల అవతలి బోరింగు నుంచి బిందెలతో నీళ్ళు మోసి, పదకొండు కానుగ మొక్కలను బతికించింది. ఎవ్వరూ చేయి వేయలేదు. ఐదారేళ్ళకు అవి చెట్లయ్యాయి. పైడమ్మ ఆ నీడన తొక్కుడుబిళ్ళ ఆడేంతగా కోలుకుంది.

అప్పుడు పేట జనం ఆరోగ్యం కోసం తోట పెంచమని ప్రభుత్వం నిధులిచ్చింది. నిధులు రాగానే పెద్దలకు ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. అంతవరకు చెంబెడు నీళ్ళు పోయనివారు కమిటీ వేసుకున్నారు. తోట మాట గాలికొదిలి, తమ పేర్లు చెక్కిన పాలరాతి మండపం కట్టాలని తీర్మానించారు. స్థలం చాలదని చెట్లు కొట్టించారు. అడ్డం పడిన సింగారమ్మతో కమిటీ పెద్ద సన్నిబాబు, "తల్లికి ఎండ తగుల్తందనే గదేటే కప్పు ఏత్తన్నాం!" అన్నాడు. నీడనిచ్చే చెట్లను నరికించి ఎండ తగులుతోందనడం! ఈ మాట రాస్తుంటే నేటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవి దుమ్ముకు అడ్డు లేకపోయింది. పైడమ్మకు ఆయాసం తిరగబెట్టింది. మండప ప్రతిష్ఠ నాటి ఉదయమే ఆసుపత్రిలో కన్నుమూసింది. ఇక్కడ మండపంలోకి తరలించాలని ఎనిమిది మంది గడ్డపారలు వేసి లేపినా విగ్రహం కదలలేదు. ప్రతిష్ఠ చేయించవచ్చిన పూజారి భయపడి సింగారమ్మకు కబురంపాడు. మనవరాలిని మట్టిచేసి ఆమె నేరుగా ఇక్కడికే వచ్చింది.

"నా గుంటని తినీసినారు. ఇంకా ఎవులి పిల్లల్ని తింతార్రా?" అంటూ గడ్డపార అందుకుని పాలరాతిపై మొదటి పోటు పొడిచింది. ఆ తరువాతి పోట్లు పేటలోని తల్లులందరివీ. పొద్దు వాలేలోగా మండపం నేలమట్టమైంది. విగ్రహం ఉన్నచోటనే ఉంది. తొలి వానలకే ఆ తల్లులు దాని చుట్టూ మళ్ళీ కానుగ మొక్కలు నాటారు.

నేటికీ ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. చెట్టుకు బిందెడు నీళ్ళు పోసిన తరువాతే దర్శనం. హుండీ సొమ్ము మొక్కలకూ, వాటిని సాకేవారి కూలికీ తప్ప మరి దేనికీ తీయరు. కప్పు వేయిస్తామని వచ్చే దాతలకు పూజారి పలుగూ పారా ఇచ్చి, మొక్కకు గొయ్యి తవ్వమంటాడు. నీళ్ళు పోసినవారి పిల్లలకు తల్లి నిండు ఊపిరినిస్తుందని భక్తుల నమ్మకం. పోయనివారి పిల్లలకూ ఇస్తుంది. ఆనాడు చెట్లు కొట్టించిన పెద్దల మనవలు ఈ చెట్ల కిందనే ఆడుకుంటున్నారు. పైడమ్మ బతికి ఉంటే, ఈపాటికి ఆమె పిల్లలూ వారితో ఆడుకుంటూ ఉండేవారు.