సన్యాసమ్మ చూసిన ఫైటు

కథ చిన్నది. శిష్యుడు ఒక ప్రశ్న అడిగాడు, గురువు ఒక్క ముక్కలో జవాబు చెప్పాడు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎనిమిది నెలలు గడిచాయి, అంతే.

రెల్లివలసలో కర్రసాము నేర్పే కన్నంనాయుడుగారి పద్ధతే అంత. ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. కిందటేడు సర్పంచి వచ్చి, "గురువుగారూ, జనం నన్ను మళ్ళీ గెలిపిస్తారంటారా?" అని అడిగితే, అతన్ని వెంటబెట్టుకుని ఊరంతా ఒక చుట్టు నడిపించి, తిరిగి ఇంటి గుమ్మం దగ్గర దింపేసి వెళ్ళిపోయారు. దారిలో ఎంతమంది పలకరించారో సర్పంచే చూసుకున్నాడు. వారం రోజులు బయటికి రాలేదు. ఆ ఊళ్ళో దర్జీ పెంటయ్య ఉన్నాడు. గుడ్డ ఇస్తే పండగ నాటికి కుట్టి ఇస్తానంటాడు గాని, ఏ పండగో చెప్పడు. లైన్‌మేన్ సింహాద్రి ఉన్నాడు. నలభయ్యారేళ్ళ మనిషి, ఒళ్ళు బరువెక్కి స్తంభం ఎక్కడం మానేశాడు. కరెంటు పోతే వచ్చి కింద నిలబడి స్తంభాన్ని మందలిస్తాడు. ఈ సంగతులన్నీ కథకి అవసరమే, ఒక్క సర్పంచిది తప్ప.

శిష్యుడి పేరు గౌరీసు. గురువుగారి దగ్గర పదేళ్ళు కర్ర తిప్పి, హైదరాబాదు వెళ్ళి, సినిమాల్లో హీరో చేత దెబ్బలు తినే ఫైటరయ్యాడు. ఆరేళ్ళలో వందకి పైగా సినిమాల్లో కనిపించాడని వాళ్ళమ్మ చెబుతుంది. అది నిజమే, వీపు లెక్కలోకి వస్తే. మొహం కనిపించిన సినిమా ఒకటుంది. అందులో మొహం నిండా పిండి.

అలాంటివాడు ఒక గురువారం పొద్దున్నే బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా సంచీతో సహా జీడితోటలో గురువుగారి ముందు నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"గురువుగారూ, మనిషిని కొడుతుంటే మనిషికి నవ్వెలా వస్తుంది?" అన్నాడు.

గురువుగారు కర్రకి నూనె రాస్తున్నారు. "ఏటయిందిరా?" అన్నారు.

అయినదేమిటంటే, మొన్న వచ్చిన ఒక సినిమాలో హీరో తన్నితే గౌరీసు మేడ మీంచి గడ్డివాములో పడాలి. వామికి జానెడు ఇవతల పడ్డాడు. భుజం ఎముక విరిగింది. అదివరకు ఒకసారి విరిగిన ఎముకే. మూడోసారి విరిగితే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పేశాడు. సినిమా వచ్చాక చూడబోతే ఆ ఎముక విరిగిన షాటునే ఉంచారు. పైగా దానికి కప్ప అరిచినట్టు ఒక చప్పుడు కలిపారు. థియేటర్లో పక్క సీటువాడు పగలబడి నవ్వి, ఆనందం పట్టలేక గౌరీసు భుజం మీదే చరిచాడు. ఇంకా కట్టు విప్పని భుజం మీద.

"వాణ్ణి తిట్టాలో, నన్ను నేను తిట్టుకోవాలో తెలీలేదు గురువుగారూ. ఇప్పుడు నవ్వించే ఫైటు కట్టమని నాకే ఇచ్చారు."

ఆరేళ్ళకి దక్కిన మొదటి అవకాశం అది. చేపల మార్కెట్టు. హీరో ఒక చేత్తో ఫోను పట్టుకుని ప్రియురాలితో మాట్లాడుతూ, రెండో చేత్తో పదిహేనుమందిని కొట్టాలి. సోమవారం లోపల రిహార్సలు వీడియో పంపాలి. అది చూసి డైరెక్టరు నవ్వితే తెరమీద గౌరీసు పేరు పడుతుంది, ఇకమీదట పడే పని ఉండదు. నవ్వకపోతే మళ్ళీ మేడ ఎక్కాలి.

గురువుగారు జవాబు చెప్పలేదు. ఈమధ్య వచ్చిన అలాంటి సినిమాలు చూపించమన్నారు. గౌరీసు ఫోనులో రెండు రోజులపాటు నాలుగు సినిమాలు చూపించాడు. చూస్తూ తనే మండిపోయాడు. "చూడండి, కన్ను ఆర్పేలోగా మూడు ముక్కలు చేసి అతికిస్తారు. ఎవడి కాలు ఎవడికి తగిలిందో దేవుడిక్కూడా తెలీదు. హీరోకి చెమట పట్టదు. తన్నడం అయ్యాక ఒక జోకు వేస్తాడు. అది మనకి అర్థం కాదేమోనని వెనక డప్పు కొడతారు. కమెడియన్ అనేవాడు చెంపదెబ్బలు తినడానికే పుట్టాడు. నత్తివాడిని కొడితే ఒక నవ్వు, లావుపాటివాడిని కొడితే రెండు. ఆఖర్న హీరోకి చెల్లెలు గుర్తొచ్చి అందరం ఏడవాలి!"

గురువుగారు మాత్రం వంక పెట్టలేదు. నాలుగో సినిమాలో ఒకడు నిచ్చెన మీంచి వెనక్కి, కళ్ళు తెరుచుకునే, అరటికాయల బండిలోకి పడ్డాడు. ఆయన ఆపించి, ఆ ముక్క ఏడుసార్లు వేయించుకున్నారు. "ఆ నడుము చూడు. ఎక్కడా బిగించలేదు. మా కాలంలో ఇలా పడేవాడు జిల్లాకి ఒకడుంటే గొప్ప," అన్నారు. ఇంకోచోట ఇద్దరు రౌడీలు కత్తులు పట్టుకుని, మధ్యాహ్నం కూరేమిటని దెబ్బలాడుకుంటుంటే పైకే నవ్వేశారు. "ఇది కట్టినవాడికి పనొచ్చు. పని రాదనకు," అన్నారు. ఆ తరవాత ఫోను తిరిగి ఇచ్చేసి, "ఆదివారం నీ ఫైటు ఇక్కడ వెయ్యి. మనవాళ్ళనే పదిహేనుమందిని పిలు," అన్నారు.

మనవాళ్ళంటే ఒకప్పుడు గురువుగారి దగ్గర కర్ర పట్టినవాళ్ళు. కర్ర వదిలేసి చాలాకాలమైంది. పొట్టలు మాత్రం వదలకుండా పెంచుకున్నారు. ఆదివారం పొద్దున జీడితోటలో పదిహేనుమందీ వరసగా నిలబడ్డారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. లైన్‌మేన్ సింహాద్రిని కొడతారని తెలిసి కొందరు చాపలు కూడా తెచ్చుకున్నారు.

హీరో వేషం గౌరీసే వేశాడు. గురువుగారు ఒక్క షరతు పెట్టారు. సాములో ఎదుటివాణ్ణి పేరుపెట్టి పిలవకుండా కర్ర ఎత్తకూడదని ఆయన నియమం. వాడు సిద్ధంగా ఉన్నాడో లేడో తెలియాలి గదా. ఇక్కడా అలాగే కొట్టమన్నారు.

గౌరీసు చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఒళ్ళంతా హీరోలా తిప్పుకుంటూ వచ్చి, "పెంటయ్య బావా!" అని పిలిచాడు.

"ఆగరా. కొత్త చొక్కా. గుండీలు తీసుకోనీ," అన్నాడు పెంటయ్య.

"నువ్వు రౌడీవి బావా. గుండీలు తీసుకోకూడదు."

"రౌడీ అయితే మాత్రం? కుట్టుకున్నవాడికి తెలుస్తుంది బాధ. అయినా నన్నెందుకు కొడుతున్నావో చెప్పు ముందు."

గౌరీసు ఆలోచించాడు. సినిమా కథలో దానికి కారణం రాయలేదు. పదిహేనుమంది రావాలి కాబట్టి వచ్చారు. "నా చొక్కా మూడేళ్ళుగా నీ దగ్గరే ఉంది," అన్నాడు చివరికి. తోటంతా ఈలలు వేసింది. పెంటయ్య గుండీలు వదిలేసి తన్ను తిని, జీడాకుల్లో శుభ్రంగా పడ్డాడు. లేచి, దుమ్ము దులుపుకుని, తన ఫోనుతో వీడియో తీసే పనికి కుదురుకున్నాడు.

అక్కణ్ణుంచి ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. పిలిచినవాడల్లా పలికాడు. ఒకడు దెబ్బ తినబోతూ "మీ నాన్నకి దగ్గు తగ్గిందా?" అని అడిగాడు. ఇంకొకడు వదినగారు చూస్తోందని పడటానికి సిగ్గుపడ్డాడు. సింహాద్రి వంతు వచ్చేసరికి తోట పిచ్చెక్కిపోయింది. మొదటి గుద్దుకి "ఇది ఉగాదినాటి కరెంటుకి!" అని ఎవరో అరిచారు. రెండో గుద్దుకి "ఇది మా మోటారుకి!" సింహాద్రి మంచివాడు, ప్రతి గుద్దుకీ గట్టిగా మూలిగి, గిర్రున తిరిగి పడుతున్నాడు. పెంటయ్యకి నవ్వాగక ఫోను కదిలిపోయి మూడోసారి తియ్యాల్సి వచ్చింది.

ఆ మూడోసారికి సన్యాసమ్మ వచ్చింది. సింహాద్రి తల్లి. డెబ్బై దాటిన మనిషి. జీడితోటలో గౌరీసు నీ కొడుకుని చితక్కొడుతున్నాడని ఎవరో చెప్పారు. ఆ చెప్పింది ఎవరో ఊరంతటికీ తెలుసు, ఎవరూ చెప్పరు. చేపలు కడుగుతున్న చేతులతోనే వచ్చింది.

"ఏటి సేసినాడురా ఆడు నిన్ను?" అంది.

"ఏం చెయ్యలేదు పెద్దమ్మా. ఇది కామెడీ," అన్నాడు గౌరీసు.

"కామెడీయా? ఎవులికి?"

జవాబు కోసం ఆగలేదు. చేపల చెయ్యి గౌరీసు చెంప మీద పడింది. ఆ చప్పుడు వెనక ఏ డప్పూ అక్కర్లేకపోయింది.

"అమ్మా, నాకు దెబ్బ తగల్లేదే!" అన్నాడు సింహాద్రి కిందనుంచి.

"తగలకపోతే మూలిగినావేటి?"

"మూలగమన్నారే."

"ఎవడు సెప్తే ఆడికి మూలుగుతావేటిరా?" అని చెవి పట్టుకుని లేవదీసింది. నలభయ్యారేళ్ళ కొడుకు చొక్కా పైకెత్తి, ఊరంతా చూస్తుండగా, డొక్క మీద కందిన చోట కొంగుతో రాసింది. నవ్వి నవ్వి చాపల మీద దొర్లుతున్నవాళ్ళు దొర్లుతూనే ఉన్నారు. కాసేపటికి ఒక్కొక్కరే లేచి చాపలు చుట్టుకున్నారు. ఎవరూ ఆపమనలేదు.

ఆ వీడియో సోమవారం వెళ్ళింది. మధ్యాహ్నానికి డైరెక్టరు ఫోను చేశాడు. నవ్వుతూనే మాట్లాడాడు.

"అదరగొట్టావయ్యా! ఆ ముసలమ్మ ఉందే, బంగారం. ఆమెను పెట్టేద్దాం. మన కమెడియన్‌కి చీర కట్టిద్దాం. వచ్చి కొడుకుని లాగుతుంటే, హీరో చెవి దగ్గర ఫోను తియ్యకుండానే ఆమెకీ ఒకటి పీకి, చేపల తొట్టెలో పడేస్తాడు. ఇంటర్వెల్ దాకా నవ్వుతూనే ఉంటారు."

"ఆవిణ్ణి కొట్టకూడదు సార్," అన్నాడు గౌరీసు.

"ఎందుకు?"

"సన్యాసమ్మ సార్ ఆవిడ."

"సన్యాసమ్మ ఎవరు?"

గౌరీసు చాలాసేపు చెప్పాడు. సన్యాసమ్మ ఎవరో, సింహాద్రి ఎవరో, ఆవిడ కొంగుతో ఎక్కడ రాసిందో అన్నీ చెప్పాడు. కొట్టకుండా తీస్తే తీద్దాం, లేకపోతే నేను కట్టను అన్నాడు. అవతల డైరెక్టరు మర్యాదస్థుడు, మొత్తం విన్నాడు. విని, ఆ ఫైటు ఇంకొకరికి ఇచ్చాడు.

గౌరీసు హైదరాబాదు వెళ్ళలేదు. ఊళ్ళోనే ఉండి జీడిగింజల బస్తాలు ఎత్తే పనికి కుదిరాడు, విరగని భుజం మీద. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సినిమావాళ్ళని తిట్టి చెప్పాడు. తల్లిలాంటి మనిషిని తొట్టెలో పడేస్తారా, చూసేవాడు ఒప్పుకుంటాడా, తెర చింపెయ్యడూ అన్నాడు. ఊళ్ళో అందరూ అవునన్నారు. సింహాద్రి అయితే మరీ కదిలిపోయి, గౌరీసు ఇంటికి కరెంటు తీగ మార్చాడు. పాతదే, కాని మార్చాడు.

ఎనిమిది నెలలకి సినిమా వచ్చింది. మన ఊరి ఫైటు ఉందట అని ట్రాక్టరు కట్టించుకుని ఊరంతా బయల్దేరి టౌనులో మధ్యాహ్నం ఆటకి వెళ్ళింది. గౌరీసు రానన్నాడు. సన్యాసమ్మ కూడా వెళుతోందని తెలిసి లేచాడు. ఆవిడ పక్క సీట్లోనే కూర్చున్నాడు. ఆ ముక్క రాగానే ఏదో వంక పెట్టి ఆవిణ్ణి బయటికి తీసుకుపోదామని అతని ఉద్దేశం.

చేపల మార్కెట్టు వచ్చింది. పదిహేనుమంది వచ్చారు, పడ్డారు. పడటం మాత్రం అద్భుతంగా పడ్డారు. చీర కట్టిన ముసలమ్మ కొడుకుని లాగడానికి వచ్చింది. గౌరీసు "పెద్దమ్మా, పద..." అని చెయ్యి పట్టుకునేలోపే హీరో ఒకటి పీకాడు. ముసలమ్మ గాలిలో రెండు పల్టీలు కొట్టి తొట్టెలో పడింది. కప్ప అరిచింది. థియేటరు కూలిపోయేలా నవ్వింది.

అందరికంటే ఎక్కువ సన్యాసమ్మ నవ్వింది. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, గౌరీసు తొడ మీద చరుస్తూ, "ఇంకోటెయ్యరా బావూ ఆ ముసిల్దానికి!" అని కేకేసింది.

మర్నాడు పొద్దున్నే గౌరీసు జీడితోటకి వెళ్ళాడు. గురువుగారు కర్రలు ఎండలో పేరుస్తున్నారు.

"ఆవిడ కోసం బతుకు వదులుకున్నాను గురువుగారూ," అన్నాడు. "ఆవిడే నవ్వింది. ఇంకోటెయ్యమంది! నవ్వెలా వచ్చింది ఆవిడకి?"

గురువుగారు చేతిలో ఉన్న కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, ఎండలో పెట్టారు.

"పాపం, ఆ తెర మీద ఆవిడకి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు గదరా," అన్నారు.