హుసేన్‌బీ ఆరబెట్టిన సేమియా

రంజాన్ నెల అయిపోతోందంటే జిలానీకి గుండెల్లో దిగులు పట్టుకుంది.

అతను ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఆ ఏడు ఎండాకాలం చివర్లో అతని భార్య హుసేన్‌బీ జ్వరంతో పోయింది. ఇంటికి తాళం వేసి, కొండ కిందనున్న గురువు మునీర్ షా కుటీరానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు.

రంజాన్ వచ్చాక రోజా ఉపవాసాలు మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటి నోరెండిపోయి, కళ్లు మసకలు కమ్మే వేళకి, హుసేన్‌బీ వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉండేది. సాయంత్రం రోజా విడవడమే అతనికి కష్టంగా తోచేది.

నెలవంక కనబడింది. ఊళ్లో మిద్దెల మీంచి జనం ఒకరికొకరు చూపించుకుంటున్నారు. జిలానీ మాత్రం తలెత్తి చూడలేదు. గురువు దగ్గరికి వెళ్లి, రేపు కూడా ఏమీ తినకుండా ఓ మూల పడి ఉంటానని అనుమతి అడిగాడు.

"పండగనాడు రోజా ఉండకూడదని నీకు తెలుసు," అన్నాడు మునీర్ షా.

"తెలుసు హజ్రత్. కానీ ఆకలిగా ఉన్నంతసేపే ఆమె నా దగ్గరుంటోంది. తిన్నానంటే వెళ్లిపోతుంది."



మర్నాడు పొద్దున నమాజుకి బయల్దేరేముందు గురువు కుటీరంలోని శిష్యులందరికీ తలా ఓ ఖర్జూరం పెట్టాడు. జిలానీ తనది జేబులో వేసుకున్నాడు. గురువు చూశాడు గానీ అడగలేదు. ఈద్గాలో నమాజయ్యాక జనం కావలించుకుంటుంటే జిలానీ కూడా కావలించుకున్నాడు. అత్తరు వాసనలు, కొత్త బట్టల గరగరలు, ఏవీ అతనికి పట్టలేదు.

మునీర్ షా కొండవైపు మళ్లలేదు. జిలానీని వెంటబెట్టుకుని ఊళ్లోకి నడిచాడు. ఆయన ఎవరి గడపా తొక్కడని ఊరందరికీ తెలుసు. నేరుగా వెళ్లి జిలానీ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు.

"పండగపూట నీ ఇంటికొచ్చాను. ఏదైనా పెట్టు," అన్నాడు.

జిలానీ తాళం తీశాడు. వంటింట్లో దుమ్ము తప్ప ఏమీ లేదనుకున్నాడు. అటక మీద మూతపెట్టిన డబ్బా ఒకటి కనిపించింది. అందులో సేమియా. పండక్కని హుసేన్‌బీ ఎండల్లో కూర్చుని తన చేత్తో చేసి, మంచం మీద ఆరబెట్టినది.

డబ్బా పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి బయటికొచ్చి, ఆమె చేతిది ఇక ఇదొక్కటే మిగిలిందని చెప్పాడు. ఓ గుప్పెడు వండి, తక్కింది దాచుకుంటానన్నాడు.

"ఎందుకు చేసింది ఆమె?"

"పండక్కి."



జిలానీ పొయ్యి రాజేశాడు. పక్కింటి కొండమ్మ పొగ చూసి, అడక్కుండానే చెంబుడు పాలు, కాస్త నెయ్యి, చక్కెర తెచ్చి ఇచ్చింది. డబ్బా మొత్తం బోర్లించి సేమియా దోరగా వేయించాడు. పాలు పోశాడు. జేబులోని ఖర్జూరం తీసి తరిగి వేశాడు. వాసన లేచేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ కలిపాడు.

గురువుకి ఒక గిన్నెలో పోసిచ్చాడు. వండింది ఇద్దరికి చాలా ఎక్కువ. హుసేన్‌బీ ఏటా చేసినట్టే తక్కింది గిన్నెల్లో పోసుకుని వీధిలో ఇంటింటికీ తీసుకెళ్లాడు. ఆఖరి గిన్నె కొండమ్మకిచ్చాడు. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"ఇది హుసేన్‌బీ చేతిది కదా నాయనా," అంది.

జిలానీ తలూపాడు.

తిరిగొచ్చేసరికి కుండలో ఏమీ మిగల్లేదు. అరుగు మీద గురువు గిన్నె నిండుగా ఉంది. మీగడ కట్టింది.

"మీరు తినలేదేం హజ్రత్?"

"ఇంటాయన రాకుండా నేనెలా తింటాను?" అని మునీర్ షా పక్కకి జరిగి, గిన్నె ఇద్దరి మధ్యా పెట్టాడు.

జిలానీ కూర్చున్నాడు. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్లనీళ్లు గిన్నెలో పడుతున్నా తినడం ఆపలేదు.