బుర్రావారి డెస్క్‌టాప్ సముద్రం

గుండ్లపాడులో తెలివంటే బుర్రావారిదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, బుర్రావారే అన్నారు. ఇంటి పేరులోనే బుర్ర ఉంది, ఇంకా వేరే రుజువెందుకని పెద్దవాడు పూర్ణయ్య వాదన. తమ్ముడు భద్రయ్యదీ అదే వాదన, కాకపోతే అన్నయ్య చెప్పాక చెబుతాడు. పూర్ణయ్య భార్య మాణిక్యం కాపురానికొచ్చినప్పుడు మామూలు మనిషే. పదేళ్ళలో ఆవిడకీ తెలివి పట్టుకుంది.

ఆ ఇంటికి పెద్ద దిక్కు వాళ్ళమ్మ వెంకాయమ్మ. మూడేళ్ళ కిందట ఆవిడ కాలు బెణికితే డాక్టరు కట్టు కట్టి, "నేను చెప్పేదాకా గడప దాటొద్దమ్మా" అన్నాడు. ఆ నెలలోనే ఆయన ఏదో దూరపు ఊరికి మకాం మార్చేశాడు. ఇక దాటమని చెప్పేదెవరు? అంతే. కాలు పదిహేను రోజుల్లో నయమైపోయింది గానీ, వెంకాయమ్మ మూడేళ్ళుగా ఇల్లు కదల్లేదు. ఎదురింట్లో పెళ్ళయితే గడప ఇవతల నించునే వధూవరుల మీదికి అక్షింతలు విసిరింది. సగం వీధిలో మేక మీద పడ్డాయి.

ఆవిడకి ఒకే ఒక్క కోరిక, సముద్రం చూడాలని. ఊళ్ళోంచి రోజూ సముద్రం ఒడ్డుకి బస్సులు పోతూనే ఉంటాయి. ఏం లాభం, అవి గడప లోపలికి రావు కదా! అమ్మ కోరిక తీర్చలేని తెలివి ఎందుకని పూర్ణయ్యకి నిజంగానే బాధగా ఉండేది. అన్నం ముందు కూర్చుని నిట్టూర్చేవాడు. నిట్టూర్చాక రెండోసారి వడ్డించమనేవాడు.

ఒకరోజు భద్రయ్య పట్నం నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా! కళ్ళకి ఒక జోడు పెట్టుకుంటే చాలంట, సముద్రం ఇంట్లోకే వచ్చేస్తదంట! ఖాసిం కొట్లో నేను కళ్ళారా చూశా!"

ఇంకేముంది, మర్నాడే అన్నదమ్ములిద్దరూ ఖాసిం కంప్యూటర్ల కొట్లో కూర్చున్నారు. ఖాసిం ఓపిక గలవాడు. ఆరోజు సాయంత్రానికి ఆ ఓపిక కాస్తా అయిపోయింది, అది వేరే సంగతి.

"జోడు ఒక్కటే చాలదండీ పూర్ణయ్యగారూ. దాన్ని నడిపించడానికి గట్టి కంప్యూటరు కావాలి. గేమింగ్ లాప్‌టాప్ అయినా తీసుకోవాలి, డెస్క్‌టాప్ అయినా తీసుకోవాలి."

"రెంటికీ తేడా ఏంది బాబూ?"

"లాప్‌టాప్ అయితే ఎక్కడికంటే అక్కడికి పట్టుకెళ్ళొచ్చు. కానీ తొందరగా వేడెక్కుద్ది. డెస్క్‌టాప్ అయితే అదే ధరకి బలం ఎక్కువ, బొమ్మ ఆగకుండా నడుస్తది. తర్వాత కావాలంటే లోపలి భాగాలు మార్చుకోవచ్చు. కాకపోతే అది ఎక్కడికీ కదలదు, ఒక్కచోటే ఉంటది."

భద్రయ్యకి లాప్‌టాప్ మీద మనసు పోయింది. "వేడెక్కితే మంచిదేగా అన్నయ్యా, అమ్మ మోకాళ్ళకి కాపడం పెట్టినట్టూ ఉంటది" అన్నాడు.

పూర్ణయ్య కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే కొట్లో ఫ్యాన్ కూడా మెల్లిగా తిరిగినట్టనిపించింది. చివరికి కళ్ళు తెరిచాడు.

"మన ఇల్లు కదులుతదా?"

"కదలదు."

"అమ్మ కదులుతదా?"

"మూడేళ్ళుగా కదల్లా."

"మరి కదలని ఇంట్లో కదలని అమ్మకి కదిలేది ఎందుకురా? డెస్క్‌టాపే!"

నిజం చెప్పొద్దూ, ఆ ఒక్కమాటా సరైన మాటే. బుర్రావారి చరిత్రలో అది మొదటిది. ఖాసిం సంతోషించి డెస్క్‌టాపు, తెర, జోడు అన్నీ ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు. ఎక్కించి, "మధ్యాహ్నం నేనొచ్చి బిగిస్తా. ఒకసారి పెట్టాక మాత్రం మళ్ళీ కదపమాకండి, వైర్లు ఊడతాయి" అన్నాడు. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

ఆటో గుండ్లపాడు బస్ షెల్టర్ దాకా వచ్చింది. అక్కణ్ణించి సందు ఇరుకు, ఆటో పట్టదు. డ్రైవరు అట్టపెట్టెలన్నీ దించి షెల్టర్లో అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. భద్రయ్య ఒక పెట్టె ఎత్తబోయాడు.

"ముట్టుకోకు!" అని గావుకేక పెట్టాడు పూర్ణయ్య. "పెట్టేశారుగా! పెట్టాక కదపొద్దని ఖాసిం చెప్పలా?"

భద్రయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "లాప్‌టాప్ కొందామని నేను మొత్తుకోలా అన్నయ్యా!" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

మధ్యాహ్నం ఖాసిం బండి మీద వచ్చేసరికి అన్నదమ్ములు పెట్టెలకి చెరో పక్క కాపలా కూర్చుని ఉన్నారు. సంగతి విని అతను నెత్తి కొట్టుకున్నాడు.

"నేనన్నది బిగించాక కదపొద్దని! సరే, మీకంత బెంగగా ఉంటే కొట్టుకి తీసుకురండి, మార్చి లాప్‌టాప్ ఇస్తా."

"కొట్టుకి తేవాలంటే కదపాలి గదా బాబూ?"

ఖాసిం పక్కనున్న టీ బంకు నుంచి కరెంటు లాగి, అరుగు మీదే అన్నీ బిగించి, సముద్రం బొమ్మ పెట్టి, "జోడు పెట్టుకున్న మనిషి చుట్టూ రెండు బారలు ఖాళీ ఉంచండి" అని చెప్పి బండెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

అంతే. భద్రయ్య చేతులు బారజాపి కొలుచుకుంటూ, బస్సుకోసం నించున్న వాళ్ళందర్నీ ఎండలోకి తరిమేశాడు.

ఇక అమ్మని తీసుకురావాలి. కానీ అమ్మ గడప దాటకూడదే! అన్నదమ్ములు ఇంటికెళ్ళి గడప వంక, అమ్మ వంక మార్చి మార్చి చూశారు. సముద్రం ఊళ్ళోకి వచ్చిందని వెంకాయమ్మ అప్పటికే తల దువ్వించుకుని, కొత్త చీర కట్టుకుని కూర్చుంది.

అప్పుడు మాణిక్యం అంది, "ఏమయ్యా, అత్తయ్య గడప దాటకూడదన్నారు గానీ, గడప ముందుకు జరక్కూడదని డాక్టరు చెప్పాడా?"

పూర్ణయ్య భార్య వంక అబ్బురంగా చూశాడు. పదేళ్ళ సహవాసం ఊరికే పోలేదు.

ఇంకేముంది, గునపాలు తెచ్చారు. గోడలో ఉన్న ద్వారబంధాన్ని గడపతో సహా, రెండు రెక్కల తలుపుతో సహా, గొళ్ళెంతో సహా పెకలించారు. దాన్ని నిలబెట్టి చెరో పక్కా పట్టుకుని అన్నదమ్ములు ముందు నడిచారు. గడపకి మూరెడు వెనగ్గా వెంకాయమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుని మాణిక్యం.

"మెల్లిగా అత్తయ్యా, తొందరపడి దాటేరు!"

"నాకు తెలీదా ఏందే? మీ ఆయన్ని ఆగకుండా నడవమను."

అట్లా ఒక్కసారి కూడా గడప దాటకుండా వెంకాయమ్మ బస్ షెల్టర్ చేరింది. కళ్ళకి జోడు పెట్టారు. పెట్టగానే ఆవిడ "అబ్బ!" అంది.

"కనపడుతోందా అమ్మా?"

"కనపడుతోందిరా! ఎన్ని నీళ్ళో! అయ్యో, అల వస్తోంది, నా చీర!" అని కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది. ఒక్క నిమిషం అయ్యాక మొహం ముడుచుకుంది. "ఇన్నిసార్లు వచ్చింది గానీ, ఒక్కసారీ కాళ్ళు తడవలేదేందిరా?"

పూర్ణయ్య తమ్ముడి వంక చూశాడు. భద్రయ్య టీ బంకుకి పరుగెత్తి బిందెడు నీళ్ళు తెచ్చి, అమ్మ కాళ్ళ మీద కుమ్మరించాడు. అమ్మ కాళ్ళు తడిశాయి. అరుగు తడిసింది. అరుగు కింద వైర్ల పెట్టె కూడా తడిసింది. టప్‌మని శబ్దం వచ్చింది. డెస్క్‌టాపు ఆగిపోయింది, టీ బంకులో రేడియో ఆగిపోయింది, బంకువాడి తిట్లు మాత్రం మొదలయ్యాయి.

"సముద్రం ఇంకిపోయిందిరా పూర్ణయ్యా" అంది వెంకాయమ్మ జోడు తీసి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా రాత ఇంతేలే. ఒక్కసారి పాదాలు తడుపుకుందామనుకున్నా."

పూర్ణయ్యకి దుఃఖం ఆగలేదు. ద్వారబంధాన్ని పట్టుకుని బావురుమన్నాడు.

సరిగ్గా అప్పుడే బస్సొచ్చి ఆగింది. కండక్టరు దిగి, రోడ్డు పక్కన ఏడుస్తున్న తలుపుని, దాని వెనక మనుషుల్ని చూసి కంగారుపడ్డాడు. "ఏందయ్యా ఇది?"

"మా అమ్మకి సముద్రం చూపిద్దామనుకున్నామండీ. పాడైపోయింది."

"సముద్రం పాడవడమేంది? ఈ బస్సు అక్కడికే పోతది. ఎక్కండి."

పూర్ణయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మోసపోదల్చుకోలేదు. "మీది లాప్‌టాపా, డెస్క్‌టాపా?"

"ఆఁ?"

"అంటే, ఎక్కడికైనా పట్టుకెళ్ళేదా, ఒక్కచోటే ఉండేదా?"

"సముద్రాన్ని ఎవడు పట్టుకెళ్తాడయ్యా? అది అక్కడే ఉంటది, ఎక్కడికీ కదలదు!"

"అద్గదీ!" అని పూర్ణయ్య తమ్ముడి వీపు చరిచాడు. "డెస్క్‌టాపేరా! నేను మొదట్నుంచీ చెప్పలా!"

ముందు ద్వారబంధం ఎక్కింది, వెనక వెంకాయమ్మ ఎక్కింది. ద్వారబంధాన్ని డ్రైవరు సీటు వెనక నిలబెట్టారు. అంటే డ్రైవరు వీధిలో ఉన్నట్టు, బస్సంతా ఇంట్లో ఉన్నట్టు. వెంకాయమ్మ వచ్చినవాళ్ళందర్నీ "రండి, కూర్చోండి, భోంచేశారా?" అని పలకరించింది. డ్రైవర్ని మాత్రం పలకరించలేదు.

ఒడ్డుకి చేరారు. గడపని ఇసకలో పాతి, తలుపులు బార్లా తెరిచారు. వెంకాయమ్మ ద్వారంలో నించుని చూసింది. ఎదురుగా సముద్రం. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది.

భద్రయ్య అన్న చెయ్యి పట్టి లాగాడు. "అన్నయ్యా, ఇది కదులుతోంది! చూడు, ఇటే వస్తోంది! లాప్‌టాపే!"

"నోర్ముయ్, వెనక్కి పోతోంది చూడు. డెస్క్‌టాపే!"

వాళ్ళు వాదించుకుంటుండగానే ఒక పెద్ద అల పరుగున వచ్చి, గడప దాటి లోపలికొచ్చి, వెంకాయమ్మ పాదాల మీద నురగలా పరుచుకుంది.

"వచ్చిందిరా నాయనా! నేను దాటకపోతేనేం, తనే దాటి నా ఇంటికొచ్చిందిరా!" అని ఆవిడ పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. కొడుకులిద్దరి గుండెలూ నిండిపోయాయి.

ఇంతలో నీళ్ళు వెనక్కి జారడం మొదలుపెట్టాయి.

"భద్రయ్యా! పోతోందిరా, తలుపెయ్యి!"

అంతే, దబదబా తలుపులు మూసి గొళ్ళెం పెట్టారు. గెలిచామన్నట్టు వెనక్కి తిరిగి చూస్తే, ఇసకలో చుక్క నీళ్ళు లేవు.

మాణిక్యం నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ముందు తలుపు వేశాం గానీ, పెరటి తలుపు తేవడం మర్చిపోయాం గదయ్యా! అట్నుంచి పోయింది!"

పెరటి తలుపు పెకలించుకు రావడానికి భద్రయ్య బస్సు దగ్గరికి పరుగెత్తాడు. ఇవతల ఇంకో అల వచ్చి మూసిన తలుపుని దభీమని కొట్టింది. పూర్ణయ్య రెండు చేతులతో తలుపుని అదిమి పట్టి, సముద్రానికి వినపడేలా అరిచాడు.

"ఆగు! నేను చెప్పేదాకా గడప దాటొద్దు!"