గడ్డిమూల టమాటా

అనగనగా రాళ్ళు పేలే ఎండలు కాసే ఒక ఊళ్ళో, చైత్ర బహుళ ఏకాదశి, బుధవారం నాడు, పొద్దున్న ఎనిమిది గంటల వేళ వెంగమ్మ అనే ముసలావిడ కన్ను మూసింది. ఏకాదశి మరణం, పుణ్యాత్మురాలు అన్నారందరూ. కోడలు నాంచారి మాత్రం గుమ్మంలో కూలబడి పెరటివైపే చూస్తోంది.

ఎందుకంటావా కన్నా? పెరట్లో వెంగమ్మ నాటిన టమాటా మొక్కలున్నాయి. ఆవిడ పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం అది. ఏటా ఆవిడే నాటేది, ఆవిడే విత్తనం తీసేది. ఇంకెవరి దగ్గరా లేదు. పోయేముందు కోడల్ని దగ్గరికి పిలిచి, "ఉన్నదంతా చల్లేశానే అమ్మాయ్. డబ్బాలో ఒక్క గింజ లేదు. మంచి పండొకటి విత్తనానికి ఉంచు. నా తద్దినం మర్చిపోయినా ఫర్లేదు, ఇది మర్చిపోకు" అంది. నాంచారి ఆవిడ చెయ్యి పట్టుకుని సరేనంది.

అప్పుడు ఇంటికి మైల వచ్చింది. మైల రోజుల్లో చెట్టూ చేమా ముట్టుకోకూడదు కదా. అందుకని నాంచారి పెరట్లో అడుగు పెట్టలేదు, చెంబెడు నీళ్ళు పొయ్యలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి మొక్కలు తలలు వాల్చేసేవి. కిటికీలోంచి చూసి కళ్ళు తుడుచుకునేది, అంతే.

ఆ తర్వాత శుద్ధి అయింది. ఆ రోజే బావి దగ్గర నిలబడి బిందెల కొద్దీ తోడి పోసింది. ఇన్నాళ్ళ దాహమూ ఒక్కపూటలో తీర్చేద్దామనుకుంది పిచ్చిది. కొన్నాళ్ళకి చూస్తే ఏముంది? పైకి నిగనిగలాడే కాయలే, తిరగేస్తే అడుగున నల్లగా, మెత్తగా కుళ్ళు.

ఇది దిష్టే అనుకుంది నాంచారి. పక్కింటి అక్కమ్మ రోజూ గోడ మీంచి ఆ మొక్కల్ని చూసేది మరి. వెంటనే ఒక పాత చెప్పు తెచ్చి, అక్కమ్మ ఇంటి వైపుకి తిప్పి గోడ మీద వేలాడదీసింది.

అక్కమ్మ చూసింది. "నా కళ్ళకి అంత బలమే ఉంటే మీ అత్తని పోనిస్తానుటే? ముప్పూటలా కబుర్లు చెప్పుకున్న మనిషిని!" అంది. తలుపేసుకుంది. మళ్ళీ గోడ దగ్గరికి రాలేదు.

అప్పుడు నాంచారి మొగుడు చెంచయ్య, "సారమంతా ఆకులే లాగేస్తున్నాయి, దూసెయ్" అన్నాడు. సరేనని ఆకులన్నీ దూసేసింది. నీడ పోయింది. కాయల మీద ఎండ సూటిగా పడింది. ఎండ పడిన వైపల్లా, వేడినీళ్ళు పడ్డ చర్మంలా తెల్లగా పొంగి, పల్చబడి, బూజు పట్టింది.

ఆ బూజు తడి వల్లే అనుకుని, నీళ్ళంటేనే భయం వేసి మానేసింది. మట్టి నెర్రెలిచ్చింది. మనసాగక మళ్ళీ ఒకరోజు దిమ్మరించింది. మిగిలిన కాయలు పగుళ్ళిచ్చాయి. పగుళ్ళలోకి చీమలు చేరాయి. నాంచారి మొక్కల మధ్య కూర్చుని, "నరసింహస్వామీ, చనిపోయినావిడకిచ్చిన మాట ఇలా నీళ్ళపాలు చేస్తావా?" అని ఏడ్చింది.

ఏడుస్తూ తలెత్తితే పెరటి చివర ఒక మొక్క కనబడింది.

ఆ మూలకి ఎవరూ వెళ్ళరు కన్నా. వెంగమ్మ పోయిన రోజున, ఆవిడ చాప కింది వరిగడ్డి తీసి అక్కడే పారేశారు. అది తగిలితే స్నానం చెయ్యాలని, నాంచారి అటు పోలేదు. ఆకులు దుయ్యలేదు, బిందెలు కుమ్మరించలేదు. పక్కనే అరుగు మీద తాగేనీళ్ళ కుండ; అరుగు మీంచే నింపుకునేవారు, కిందికి దిగేవారు కాదు. అది చెమర్చి చుక్క చుక్కగా మొక్క మొదట్లోకి కారేది. పైన ఆకుల నీడ, కింద గడ్డి కప్పు. గడ్డి ఎత్తి చూస్తే మట్టి చల్లగా, తడిగా ఉంది. ఆకుల చాటున ఒకే ఒక్క కాయ. అడుగు నున్నగా, శుభ్రంగా ఉంది.

నాంచారికి అంతా అర్థమైంది. దిష్టీ లేదు, ఏమీ లేదు. ఎండగట్టిందీ తనే, ముంచిందీ తనే.

ఆ కాయ రంగు తిరగడం మొదలైన సాయంత్రమే పడమట ఆకాశం ఎర్రబడింది. గాలిదుమారం లేచింది. "పచ్చికాయ కోస్తే గింజ ఏం పనికొస్తుంది? పండనీ" అంటాడు చెంచయ్య. నాంచారికి చెయ్యాడలేదు.

అప్పుడు గోడవతల నుంచి అక్కమ్మ గొంతు. "కొంచెం ఎర్ర తిరిగిందా?"

"తిరిగింది పిన్నీ."

"అయితే కొయ్యవే. నీడన పెడితే అదే పండుతుంది. మీ అత్త అలాగే చేసేది. నా కళ్ళు మంచివి కాకపోతే పోయాయి, నా మాట విను."

నాంచారి కోసి కొంగులో పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. వెనకాలే వడగళ్ళు పడ్డాయి. తెల్లారి చూస్తే పెరట్లో ఒక్క మొక్క నిలబడి లేదు, గడ్డిమూల మొక్క కూడా.

ఆ తర్వాత బుట్టలో, నీడన, ఆ కాయ నిదానంగా పండింది. నాంచారి దాన్ని కోసి, గింజలు పిండి, బూడిద పట్టించి, గుడ్డ మీద ఆరబెట్టింది. గుజ్జు నాలిక మీద వేసుకుని చూసింది. అత్తగారి చారు గుర్తొచ్చింది.

గింజలు ఆరిన మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్ళాం గోడ మీది చెప్పు విప్పి పారేశారు. విత్తనాలు రెండు మూటలు కట్టారు. ఒకటి తమ డబ్బాలో వేసుకున్నారు. రెండోది పట్టుకుని అక్కమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. అక్కమ్మ మూట తీసుకుంది, కళ్ళకద్దుకుంది. లోపలికి రమ్మని మాత్రం అనలేదు. ఇద్దరూ తిరిగొచ్చేశారు.

ఇక పడుకో కన్నా.

గింజేమో గూటికి, గడ్డేమో పాదుకి,
కునుకేమో కంటికి, కథేమో కంచికి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.