మార్తమ్మ వేళ్లు

నరసాపురం కాలువ గట్టున వైద్యం చేసే భావరాజుగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. మూడేళ్లుగా ఆయన దగ్గర చదువుకుంటున్న విశ్వపతి అది తెలిసీ ఒకనాడు అడిగాడు.

"గురువుగారూ, కీళ్ల రోగాలకు గ్రంథంలో ఇన్ని పేర్లున్నాయి. సంధివాతం, ఆమవాతం, వాతరక్తం. రోగి మాత్రం నొప్పి అన్న ఒక్క మాటే అంటాడు. ఇన్ని పేర్లు మనకెందుకు?"

ఆయన నవ్వి, తాను లేనప్పుడు వచ్చే రోగుల్ని చూడమన్నారు. మర్నాడు పొరుగూరి రోగి కోసం పడవెక్కి వెళ్లి, పది రోజుల దాకా రాలేదు.

ఆ పది రోజుల్లో ఇద్దరు వచ్చారు. ఉప్పు మూటలు మోసే వీర్రాఘవులుకు మోకాళ్లు. లేసు అల్లే మార్తమ్మకు వేళ్లు. విశ్వపతి ఇద్దరికీ ఒకే తైలం ఇచ్చి, మర్దన చేసుకుని కదలకుండా ఉండమన్నాడు. వీర్రాఘవులు తేలికపడ్డాడు. మార్తమ్మ వేళ్లు మాత్రం అరటికాయల్లా వాచాయి.

"సూది చేతిలో నిలవడం లేదు బాబూ. ఈ చేతుల మీదే ఇంట్లో ముగ్గురం బతకాలి," అందామె.

తిరిగొచ్చిన గురువుగారు అంతా విని కోప్పడలేదు. "రేపు తెల్లవారేసరికి ఆమె ఇంటికి వెళ్లు. పొద్దుగూకేదాకా ఉండు. ఎల్లుండి వీర్రాఘవులు దగ్గర ఉండు," అన్నారు.

విశ్వపతి వెళ్లి చూశాడు. పొద్దున్నే మార్తమ్మ కుండ మీది మూత తీయలేక మోచేత్తో నెట్టింది. జడ వేసుకోలేకపోయింది. అంట్లు తోమి, ఊడ్చి, ఎండెక్కేసరికి ఆ వేళ్లే కాస్త కాస్తగా వంగాయి. వీర్రాఘవులు సంగతి తిరగబడింది. పొద్దున హుషారుగా లేచినవాడు, మూటలు మోసిన కొద్దీ కుంటుతూ సాయంత్రానికి గోడ పట్టుకున్నాడు.

విశ్వపతి గురువుగారి దగ్గరికి పరుగున వచ్చి, "వీర్రాఘవులుది వాడకంతో పెరిగే సంధివాతం. ఆమెది పొద్దున బిగుసుకునే ఆమవాతం. నూనె తగలకూడని రోగానికి నూనె పట్టించాను. వేడి ఇసుక మూటతో పొడి కాపడం పెట్టాలి, శొంఠి కషాయం ఇవ్వాలి," అన్నాడు.

"నాకెందుకు చెబుతావు? ఆమెకు చెప్పు."

అది మందు నూరినంత తేలిక కాదు. అయినా వెళ్లాడు. "అమ్మా, పొరబాటు నాదే. నేనిచ్చిన తైలం వల్లే వాచాయి," అన్నాడు.

మార్తమ్మ అతని ముఖంలోకి చూసింది. "ఇప్పుడు తెలిసిందా బాబూ?"

"తెలిసిందమ్మా."

"అయితే ఇసుక వేడి చెయ్యి."

నలభై రోజులు అతనే వెళ్లి కాపడం పెట్టాడు. రెండు వేళ్లు కొంచెం వంకరగానే మిగిలాయి గాని, వాపు తగ్గి సూది చేతికొచ్చింది. మొదట అల్లిన పువ్వు అతనికి చూపించి, మళ్లీ పనిలో పడిందామె.

ఆ వారమే ఒక మోతుబరి ఎర్రగా వాచిన కాలి బొటనవేలితో బండి దిగాడు. "నొప్పయ్యా, తైలం ఇవ్వు," అన్నాడు. విశ్వపతి చెయ్యి సీసా మీదికి పోలేదు. పీట వేసి, "కూర్చోండి. నిన్న పొద్దుటి నుంచీ ఏం తిన్నారు, ఏం చేశారు, అన్నీ చెప్పండి," అన్నాడు. మోతుబరి పెళ్లి విందు దగ్గర మొదలుపెట్టాడు.

లోపల మంచం మీద పడుకున్న గురువుగారు, మోతుబరి వెళ్లాక మెల్లగా అన్నారు: "నొప్పి అందరిదీ ఒకటే నాయనా. పొద్దు మాత్రం ఎవరిది వాళ్లదే."