గెలుపు శాసనం

రణధీరుడనే రాజు యుద్ధం చేసి, పొరుగు రాజ్యంలో ఏటి ఒడ్డునున్న అయిదూళ్లు కలుపుకున్నాడు. అక్కడి రైతులను వెళ్లగొట్టించాడు. రాళ్లు చెక్కే పోతులయ్య చెల్లెలు కూడా పొలం పోగొట్టుకుని అన్న గుమ్మంలోకి వచ్చిపడింది.

ఆ వారమే రాజు పోతులయ్యను పిలిపించాడు. "అది దొంగిలించిన నేల అని జనం గొణుగుతున్నారు. కాదని శాసనం చెక్కు."

"మనదెలా అయిందని చెక్కమంటారు ప్రభూ?"

"బలంతో గెలిచాం. అదే చెక్కు."

కడుపు మండినా పోతులయ్య తలూపాడు. పదిరోజుల తర్వాత రాజు వచ్చి చూస్తే, రాతి మీద ఇలా ఉంది: "ఎవరికి బలముంటే ఈ నేల వారిదే."

"మూర్ఖుడా! రేపు నాకంటే బలవంతుడొచ్చి, ఇది చూపించి లాక్కుంటే?"

"లాక్కుంటే దాన్నేమంటారు ప్రభూ?"

"దొంగతనమంటాను!" అనేసి రాజు నాలుక కరుచుకున్నాడు.

రాజు వెంట వచ్చిన సేనాపతి కత్తి దూశాడు. రాజు మాత్రం చెయ్యెత్తి సేనాపతిని ఆపి, రాతి మీది మాటలు మళ్లీ చదివాడు.

"ఊళ్లు తిరిగి ఇచ్చేస్తున్నామని పొరుగు రాజుకు కబురు పంపండి," అన్నాడు చివరికి. "తొలకరి దగ్గర పడింది. రైతులను ఆలస్యం చేయొద్దు."

మొదటి వాన పడిన రోజున పోతులయ్య, చెల్లెలి పొలంలో ఆమె వెనకే నడుస్తూ జొన్నలు చల్లాడు.