తవిటమ్మ తెడ్డు

అనగనగా ఒక కోట. కోట అనగానే రాజుగారి కథ అనుకునేరు. ఈ కథలో రాజుగారు అన్నం తినడం తప్ప ఇంకేమీ చెయ్యడు. ఆ అన్నానికి వడ్లు దంచేవాళ్ళు ఉంటారు కదా, ఇది వాళ్ళ కథ. ఒరే, దిండు లాక్కోకు, ఇద్దరికీ సరిపోతుంది. ఊ కొట్టండి మరి.

కోట వెనకవైపు దంపుళ్ళ చావడి. చావడి మధ్యలో పెద్ద రాతిరోలు. గున్నమ్మ, పారమ్మ, తవిటమ్మ అని ముగ్గురు ఆడవాళ్ళు అక్కడ పని చేసేవారు. ఇద్దరు దంచుతుంటే మూడోది చేటతో చెరిగేది. చేతులు నొప్పెడితే వంతులు మార్చుకునేవారు. వాళ్ళ మీద పెద్దగా పోలమ్మ ఉండేది. ఆవిడ దంచదు. రోటి పక్కన పీట వేసుకుని గింజలు ఎగదోస్తుంది. ఎగదోయడమంటే తెలుసా? రోకలి పోటుకి గింజలు అంచులకి చెదిరిపోతాయి. వాటిని చేత్తో మధ్యకి తోసి, అడుగువి పైకి, పైవి అడుక్కి తిప్పాలి. రోకళ్ళేమో ఆగవు. పైకి లేచిన రోకలి కిందికి దిగేలోగా చెయ్యి లోపలికి వెళ్ళి బయటికి రావాలి.

చెయ్యి నలిగిపోదా అంటావు. నలగదు. ఎందుకంటే పాట ఉంది.

ఒక పోటు వడ్లకి,
ఒక పోటు ఊకకి,
తోసెయ్యి, తీసెయ్యి!

తోసెయ్యి అన్నప్పుడు రెండు రోకళ్ళూ గాల్లో ఉంటాయి, చెయ్యి రోట్లో ఉంటుంది. తీసెయ్యి అనేసరికి చెయ్యి బయట ఉంటుంది. దంచేవాళ్ళు పాట తప్పితే ఆ చెయ్యి ఇక దేనికీ పనికిరాదు.

సరే, పోలమ్మకి చూపు మందగించింది. కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు పెద్ద ఎవరు? వయసులో గున్నమ్మే పెద్దది. పదవి తనకే వస్తుందని పోలమ్మ పీట కడిగి ఎండలో పెట్టుకుంది కూడా. రాణీగారు వచ్చి ముగ్గురి చేటలూ చూసింది. తవిటమ్మ చేటలో నూకలు తక్కువ. అంతే, పెద్ద దగ్గర ఉండే గాదె తాళంచెవి తవిటమ్మ చేతిలో పెట్టి చక్కాపోయింది.

నిన్నటిదాకా ముగ్గురూ ఒకే మూకుట్లో చల్దన్నం కలుపుకుని, ఒసే తవిటీ, ఆ ఉల్లిపాయ ఇటు పడెయ్యవే అనుకున్నవాళ్ళు. ఆ మధ్యాహ్నం తవిటమ్మ వచ్చి కూచోబోతే గున్నమ్మ లేచి నిలబడింది.

"దయచెయ్యండి పెద్దమ్మగారూ. తమరు మాతోపాటు కింద కూచుంటారా? తమకి అక్కడ పీట వేశాం" అంది.

పారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అదేమిటే గున్నా అని తవిటమ్మ అంటే, "తమరు ఎలాగైనా పిలవొచ్చు తల్లీ, మేం పిలవకూడదు గానీ" అంది. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. గారు అంటే ఏమంటాం?

ఆ పైన రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. తలంబ్రాల బియ్యం దంచాలి. తలంబ్రాల్లో విరిగిన గింజ ఉండకూడదు, అశుభమంటారు. దివానుగారు వచ్చి గట్టిగా చెప్పి వెళ్ళాడు. పెళ్ళినాటికి నూకలేని బియ్యం గంపెడు కావాలట. నూక కనబడిందా, చావడికి తాళం వేసేసి, ముగ్గుర్నీ కోట బయటికి పంపించి, మగపెళ్ళివారి ఊరినుంచి దంచేవాళ్ళని తెప్పిస్తాడట. ఈ ముగ్గురికీ సెంటు భూమి లేదు, ఇంకో పని రాదు. చావడి పోతే పొయ్యి లేదు.

దంపుళ్ళు మొదలయ్యాయి. గున్నమ్మ ఒక రోకలి, పారమ్మ ఒక రోకలి. ధన్, ధన్. పాట లేదు.

తవిటమ్మ చెయ్యి పెట్టబోయింది. గున్నమ్మ మొహం వంక చూసింది. రోకలి కొసనున్న ఇనప పొన్ను వంక చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఒక చెక్క తెడ్డు తెచ్చుకుని, దాంతో గింజలు తోసింది. గున్నమ్మ ఆ తెడ్డుని చూసింది. రోకలి ఇంకాస్త గట్టిగా దిగింది.

ఊ కొడుతున్నారా? ఏదీ, వినబడలేదే. మీరు ఊ అనకపోతే వింటున్నారో పడుకున్నారో నాకెలా తెలుస్తుంది? తవిటమ్మకీ అదే బాధ. పలకని మనుషుల ముందు చెయ్యి ఎలా చాపుతుంది?

సాయంత్రం చెరిగితే చేటలో గుప్పెడు నూకలు. తవిటమ్మ ఒక్క మాట అనలేదు. అంటే ఇంకా దూరం అవుతారని భయం. వాళ్ళు వెళ్ళాక ఒక్కతీ కూచుని నూకలు ఏరి అవతల పోసింది. మర్నాడు ఇంకాసిని నూకలు. మళ్ళీ ఏరింది. ఆ మర్నాడు ఏరి ఏరి కళ్ళు మసకలు కమ్మాయి, గంప మాత్రం నిండలేదు.

మంచితనంతో పని కాదని ఈసారి పీట మీద కూచుని అరిచింది. మెల్లిగా అంటే వాళ్ళు మెల్లిగా దంచారు, ఊక కూడా ఊడలేదు. గట్టిగా అంటే గట్టిగా దంచారు, పిండైంది. ఆపండి అంటే ఆపారు, ఎత్తిన రోకళ్ళు ఎత్తినట్టే పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డారు.

"దించండే!"

"దించమన్నారా పెద్దమ్మగారూ? చెప్పలేదని ఆగాం."

ధన్! మళ్ళీ నూకలు. ఇక ఏరే ఓపిక లేక అలాగే గంపలో పోసింది.

పెళ్ళి దగ్గరపడింది. దివానుగారు తాళంకప్ప పట్టుకుని చావడికి వచ్చి గంపలో చెయ్యి పెట్టాడు. తీసి చూస్తే అరచేతి నిండా విరిగిన గింజలు. గున్నమ్మ, పారమ్మ ఎత్తిన రోకళ్ళు దించుకుని నిలబడ్డారు.

"ఈ పని ఎవరిది? పేరు చెప్పు. దాన్ని ఒక్కదాన్నే పంపించేస్తాను, మిగతా ఇద్దరూ బతుకుతారు. చెప్పవా, ఇప్పుడే తాళం వేస్తాను" అన్నాడు తవిటమ్మతో.

గున్నమ్మ మొహంలో నెత్తురు లేదు. తను కోపంతో రోకలి గుద్దుతున్న సంగతి తవిటమ్మకి తెలుసని ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళు పక్కపక్కన దంచినవాళ్ళకి చప్పుడు చాలు.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే అయిపోతుంది. సాక్ష్యం చూపిద్దామని తవిటమ్మ రోట్లోంచి గుప్పెడు తీసింది. చూస్తే పైన అంతా వడ్లు, రోకలే తగలనట్టు ఉన్నాయి. ఇదేమిటా అని మోచేతిదాకా చెయ్యి దించి అడుగునుంచి తీసింది. అంతా పిండి. తెడ్డు అడుగుదాకా వెళ్ళదు కదా! పైవి పైనే, అడుగువి అడుగునే. దంచిన గింజనే మళ్ళీ మళ్ళీ దంచుతున్నారు. గున్నమ్మ గుద్దు సగం విరిస్తే, తన తెడ్డు సగం విరిచింది.

తవిటమ్మ తెడ్డు తీసి పొయ్యిలో పారేసింది.

"ఒక్క వాయి దంచుతాం, చూడండి బాబూ. అప్పటికీ నూక వస్తే తాళం వేసుకోండి" అంది. పీట అవతలికి తన్ని, నేల మీద కూచుని, రోట్లో చెయ్యి పెట్టింది. "ఎత్తండే" అంది.

రోకళ్ళు లేచాయి. చెయ్యి లోపలే ఉంది.

"చెయ్యి తియ్యవే" అంది గున్నమ్మ. గారు ఎక్కడికి పోయిందో!

"పాట ఎత్తు, తీస్తాను."

"ఒసే, ఎంతసేపని ఎత్తి పట్టుకోను? జారితే?"

"జారితే నా చెయ్యి పోతుంది, దాంతోపాటు మన చావడి పోతుంది. విను గున్నా. నువ్వు రోకలి గుద్దుతున్నావు. గుద్దకు, వదులు, దాని బరువుకి అదే దిగుతుంది. ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది, నోరు రాలేదు. నీ రోకలి కింద చెయ్యి కూడా మొదటి రోజే పెట్టాల్సింది, ధైర్యం రాలేదు. ఇప్పుడు రెండూ చేస్తున్నాను. పాట ఎత్తు."

గున్నమ్మ పెదవి కొరుక్కుంది. పారమ్మ కళ్ళు మూసుకుంది.

"మూసుకోకే పారీ, నీ రోకలి కూడా నా మీదే ఉంది!" అని అరిచింది తవిటమ్మ.

అప్పుడు గున్నమ్మ గొంతు, బొంగురుగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు లేచింది. తోసెయ్యి... తీసెయ్యి... చెయ్యి బయటికి వచ్చింది. ఒక పోటు వడ్లకి. రోకలి దిగింది. ఒక పోటు ఊకకి. రెండోది దిగింది. తోసెయ్యి. చెయ్యి అడుగుదాకా వెళ్ళింది. తీసెయ్యి. పొన్ను గాలి వేళ్ళకి తగిలింది. మళ్ళీ వడ్లకి, మళ్ళీ ఊకకి. పారమ్మ కూడా గొంతు కలిపింది. దివానుగారు ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాడు, పక్కన ఊక ఎగిరి మీసాల మీద పడుతున్నా దులుపుకోలేదు.

వాయి అయింది. చెరిగారు. దివానుగారు గుప్పెడు తీసి, ఊది, వేలితో కెలికి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. మల్లెమొగ్గల్లా నిండు గింజలు. తాళంకప్ప సంచిలో వేసుకుని, "గంప నింపండి" అని గొణిగి వెళ్ళిపోయాడు.

తరవాత మునుపటిలా అయిపోయారా అంటే, లేదు. తాళంచెవి ఒకరి బొడ్లో ఉన్నాక మునుపటిలా ఎలా ఉంటారు? తవిటమ్మ తప్పు పడితే గున్నమ్మ మూతి తిప్పేది, తిప్పుతూనే సరిచేసుకునేది. తవిటమ్మ తప్పు చేస్తే వీళ్ళిద్దరూ చెప్పేవారు, ఆవిడా మూతి తిప్పేది.

పెళ్ళినాడు ముగ్గురూ పందిట్లో వెనకాల స్తంభం పక్కన నిలబడ్డారు. పెళ్ళికొడుకు తల మీంచి తలంబ్రాలు జలజలా రాలుతున్నాయి. గున్నమ్మ మోచేత్తో పొడిచి, "అదిగో, ఆయన భుజం మీద మెరుస్తోందే, ఆ గింజ నా పోటుదే" అందిట. "నీదైతే అంత నిండుగా ఉండదులే" అందిట తవిటమ్మ. పారమ్మ పకపకా నవ్వితే పురోహితుడు ఉరిమి చూశాడు. ముగ్గురూ గబగబా తల వంచుకున్నారు.

నిన్నటి నేస్తాల మీద రేపు మీకు పెద్దరికం వస్తే, మాట నానబెట్టకండి, చెయ్యి దాచుకోకండి. అంతే నేను చెప్పేది. కథేమో కంచి దారి పట్టింది, మీరేమో దుప్పట్లోకి దారి పట్టండి.